సారం మీకు, పిప్పి మేము

మేం అత్తరు సాయిబులం. ఊళ్లల్లో ‘అత్తరోళ్లు’ అంటారు. భుజాన చెక్కపెట్టె, అందులో గాజు బిరడాల సీసాలు, చెవి మడతలో అత్తరు దూది. మీకు గుర్తున్న మా బొమ్మ ఇంతే. పెళ్లిళ్లల్లో, ఉర్సుల్లో, జాతరల్లో కనిపించి, కాస్త వాసన మిగిల్చి వెళ్లిపోయేవాళ్లం. ‘అత్తార్’ అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉందని మీకు ఎవరూ చెప్పి ఉండరు. మందు దినుసులు అమ్మేవాణ్నీ అత్తార్ అనే అంటారు. ఫార్సీలో రాసిన సూఫీ కవి ఫరీదుద్దీన్‌కు అత్తార్ అన్న పేరు వచ్చింది మందుల దుకాణం వల్లే. పూలలోంచి వాసన తీసే పాత్రతోనే మా తాతలు సోంపులోంచి, వాములోంచి మందు తీశారు. హకీం సాబ్ నుస్ఖా రాసేవారు. దంచడం, నానేయడం, కాచడం, వడగట్టడం మా వంతు.

చెట్టులో మందుందని అడవిలో మేక కూడా కనిపెడుతుంది. ఆ మందును చెట్టులోంచి బయటికి తేవడం, తెచ్చినదాన్ని శుద్ధి చేయడం - అదీ విద్య. ఆ విద్యకు మా ఇళ్లల్లో ఉన్న మాటలు వినండి. నీళ్లల్లో రాత్రంతా నానేసి పొద్దున్నే వడగడితే ఖిసాందా. కాచి వడగడితే జోషాందా, మీ కషాయం. పచ్చి పసరు పిండి ఎండబెడితే ఉసారా. ఆవిరిగా లేపి చల్లార్చి పట్టుకుంటే అర్ఖ్. నీళ్లల్లో పిసికి, అడుగున పేరుకున్న తెల్లని మడ్డిని ఎండబెడితే సత్. ఈ చివరి మాట అరబ్బీ కాదు, ఫార్సీ కాదు. సంస్కృతంలోని సత్త్వమే మా నోట్లో సత్ అయింది, మీ నోట్లో సత్తు అయింది. మీ తిప్పసత్తూ మా సత్-ఎ-గిలో ఒకటే పొడి.

ఉన్నమాట చెప్పుకుందాం. ఆ సత్తులో ఎక్కువ పాలు ఉత్త పిండిపదార్థమే. తిప్పతీగ చేదు చాలావరకు పైన తేరిన నీళ్లతో పారబోతలోకి పోతుంది. తాతలు చేసిందల్లా గొప్పే అని మేం అనడం లేదు. గోడల మీద ‘గుప్తరోగాలు’ అని రాయించి అన్ని జబ్బులకూ ఒకటే డబ్బా అంటగట్టే దుకాణాలు మా బజార్లలోనూ ఉన్నాయి. వాటిని మేం వెనకేసుకు రాం. మేం మాట్లాడేది కుండ దగ్గర కూచుని, చెయ్యి కాలి, కన్ను మండి నేర్చుకున్న పని గురించి.

అర్ఖ్ సంగతే తీసుకోండి. సోంపును రాత్రి నానేసి పొద్దున ఆ నీళ్లతో సహా రాగి డేగ్‌లో పోస్తాం. మూత అంచు చుట్టూ బంకమన్ను గానీ పిండిముద్ద గానీ మెత్తుతాం. ఆవిరి గొట్టంలోంచి తప్ప ఇంకెటూ పోకూడదు. గొట్టం రెండో కొన ఇంకో పాత్రలోకి, ఆ పాత్ర చన్నీళ్ల తొట్లో. తొట్టి నీళ్లు వేడెక్కినప్పుడల్లా మార్చాలి. కింద మంట సన్నగా ఉండాలి. మంట పెరిగితే అడుగంటి, అర్ఖ్‌కు మాడు కంపు పడుతుంది. ఆ కంపు మళ్లీ పోదు. మొదట వచ్చే నీళ్లు ఘాటుగా, పైన నూనె తెట్టెతో వస్తాయి. రాను రాను పలచబడతాయి. ఎక్కడ ఆపాలన్నది ముక్కుకు తెలియాలి. ఆ ముక్కు ఉన్నవాడే మాలో ఉస్తాద్.

ఇందులో ఏం జరుగుతుందో ఇవాళ మా పిల్లలు పుస్తకంలో చదివి చెబుతారు. వాములోని ఘాటు పదార్థం పేరు థైమాల్. అది విడిగా మరగాలంటే 232 డిగ్రీల వేడి కావాలి. అంత వేడికి ఆకూ గింజా బొగ్గవుతాయి. కానీ నీటి ఆవిరి తోడుంటే అది నూరు డిగ్రీల లోపలే లేచి గొట్టం ఎక్కేస్తుంది. తోడుంటే చాలు, ఎక్కలేని ఎత్తు ఎక్కుతుంది. వాము నూనెను చల్లార్చి ఉంచితే అందులోంచి స్ఫటికాలు విడివడతాయి. వాటినే బజార్లో వాము పువ్వు అంటారు. మా వాళ్లు అజ్వాయిన్ కా ఫూల్ అంటారు. అంటే శుద్ధి చేసిన ఒకే ఒక్క పదార్థాన్ని, ఆ రసాయన నామం వినక ముందే, మా దుకాణాల్లో పొట్లం కట్టి అమ్మారు. పుదీనా పువ్వు అంటే మెంథాల్. ఈ రెంటికీ కర్పూరం కలిపి సీసాలో వేసి ఊపండి. మూడూ గట్టివే. నీటిచుక్క పడకుండానే మూడూ కరిగి నీరైపోతాయి. ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కరగడానికి కావలసిన వేడి అంతగా తగ్గిపోతుంది. ఆ నీళ్లే కడుపునొప్పికి, పంటినొప్పికి, తలనొప్పికి.

1920లో హైదరాబాదులో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన జిందా తిలిస్మాత్ కూడా ఈ తరహా మందే. అందులో పెద్దపాలు యూకలిప్టస్ నూనె. పేరేమో పక్కా ఉర్దూ. డబ్బా మీద బొమ్మేమో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ వీరుడిది. జలుబు చేస్తే ఆ సీసా కోసం గూట్లో వెతకని ఇల్లు తెలంగాణలో తక్కువ. దాన్ని ఎవరూ ‘నువ్వు ఎక్కడిదానివి, ఎప్పుడొచ్చావు’ అని అడగలేదు. ఆ ప్రశ్న మాకే దాచిపెట్టారు.

మా వైద్యానికీ అదే ప్రశ్న. ‘యునానీ అంటే గ్రీకు కదా, అది మనది ఎట్లా అవుతుంది?’ అంటారు. చదువుకున్నవాళ్లే అంటారు, నవ్వుతూ అంటారు. మమ్మల్ని పొమ్మనేటప్పుడు పాకిస్తాన్, మా వైద్యాన్ని పొమ్మనేటప్పుడు గ్రీసు. అవును, గ్రీకుల దగ్గర మొదలైంది, అరబ్బుల చేతుల్లో పెరిగింది. 1037లో చనిపోయిన ఇబ్నె సీనా దానికి పెద్ద గ్రంథం రాశాడు. కానీ ఇత్రీఫల్ అన్న మా లేహ్యం పేరు ఒకసారి నెమ్మదిగా పలికి చూడండి. ఇత్రీఫల్. త్రిఫల. కరక్కాయ మాకు హలేలా, తానికాయ బలేలా, ఉసిరి ఆమ్లా. బాగ్దాదులో ఖలీఫాల మంత్రులైన బర్మకీలు సుశ్రుతుణ్ని అరబ్బీలోకి తిప్పించుకున్న రోజులున్నాయి. త్రిఫల అట్లా వెళ్లి, తేనె పూసుకుని, పేరు కాస్త మార్చుకుని మళ్లీ ఇంటికొచ్చింది. ఇంటికొచ్చినదాన్ని గుమ్మంలో ఆపి పాస్‌పోర్టు అడిగితే ఏం చెబుతుంది?

ముష్టి గింజల కథ ఇంకా తమాషా. వాటిని మేం అజారాఖీ అంటాం. విషం. అందులోని స్ట్రిక్నిన్‌ను ఫ్రెంచివాళ్లు పెల్తియే, కావెంతూ 1818లో విడదీశారు. ఆ విషం తగ్గించి మందుగా మార్చడాన్ని మా పుస్తకాల్లో తద్బీర్ అంటారు, అట్లా మార్చిన గింజల్ని ముదబ్బర్ అంటారు. ఆయుర్వేదంలో అదే శోధన. గింజల్ని రోజుల తరబడి నానేసి, నీళ్లు మారుస్తూ, పై తోలు గీకి, రెండు బద్దల నడుమ నాలుకలా ఉండే మొలకను తీసేసి, పాలల్లో ఉడికించి, ఆ పాలు ఎవరూ తాగకుండా పారబోసి, నేతిలో వేయించి పొడి కొడతారు. విషం పాలల్లోకి దిగిపోతుంది. ఇట్లా చేస్తే స్ట్రిక్నిన్ నిజంగానే తగ్గుతుందని ప్రయోగశాలలూ తేల్చాయి. ఆయుర్వేదంలో ముందు గోమూత్రంలో నానేస్తారు, మేం నీళ్లల్లోనో తడిమట్టిలోనో. తేడా అక్కడే. ఆ తర్వాత ఇద్దరి కుండలోనూ ఉడికేది ఆవుపాలే. ఆవు పేరు చెప్పి మా మీదికి వచ్చేవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు.

ఇప్పుడు అసలు కథ. సర్పగంధ వేరు. మావాళ్లు అస్రోల్ అంటారు. ఉత్తరాదిన దాన్ని పాగల్ బూటీ అని కూడా అన్నారు. పిచ్చికి, నిద్రలేమికి ఇచ్చేవాళ్లు. ఢిల్లీ హకీం అజ్మల్ ఖాన్ ఈ వేరుకు మిరియాలు కలిపి దవా-ఉష్-షిఫా అనే బిళ్ల కట్టాడు. ఆయన 1868లో పుట్టాడు. ఇంగ్లీషువాళ్లు దేశీ వైద్యాన్ని చిన్నచూపు చూస్తున్న కాలంలో వైద్యుల్నీ హకీముల్నీ 1910లో ఒకే వేదిక మీదికి తెచ్చాడు. 1921లో అహ్మదాబాదు కాంగ్రెసుకు అధ్యక్షత వహించాడు. అదే ఏడు ఫిబ్రవరి 13న ఢిల్లీలో గాంధీ చేత తన కాలేజీ తెరిపించాడు. దాని పేరు చూడండి: ఆయుర్వేదిక్ అండ్ యునానీ తిబ్బియా కాలేజీ. తన వైద్యం పేరు రెండోది పెట్టుకున్నాడు.

హకీం సాబ్‌కు ఒక పట్టుదల. మన మందుల్లో ఏముందో మనమే విప్పి చూడాలి. విప్పడానికి కొత్త రసాయనశాస్త్రం కావాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1927లో డాక్టరేటు పుచ్చుకున్న సలీముజ్జమా సిద్దీఖీ ఆ కాలేజీలో పరిశోధనశాల పెట్టే పనికి వచ్చాడు. ఆ డిసెంబరులోనే హకీం సాబ్ కన్నుమూశాడు. పని ఆగలేదు. 1931లో సిద్దీఖీ, ఆయన సహచరుడు రఫత్ హుసేన్ సిద్దీఖీ అస్రోల్ వేరులోంచి ఐదు ఆల్కలాయిడ్లను స్ఫటికాలుగా విడదీశారు. మూడు తెల్లవి, బలహీన క్షారాలు. రెండు పసుపుపచ్చవి, బలమైనవి. తెల్లవాటి గుంపులో మొదటిదానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. గురువు పేరు మందుకు అంటించి పంపించారు.

వేరులోంచి ఇవి తీయడం మా డేగ్ వల్ల కాదు. వాసన ఉన్నది ఆవిరితో లేస్తుంది. వేరులోని చేదు లేవదు, పిప్పిలోనే కూచుంటుంది. దాన్ని దింపాలంటే వేరు పొడిని సారాయిలో నానేయాలి. సారాయి ఆర్చేశాక మిగిలిన జిగురును పులుపు నీళ్లతో, అంటే పలచని ఆమ్లంతో కలపాలి. ఆల్కలాయిడ్ క్షారం గనక ఆమ్లంతో ఉప్పులా మారి నీళ్లల్లోకి దిగుతుంది. బంక, కొవ్వు, రంగు వడపోతలో మిగిలిపోతాయి. ఆ నీళ్లకు అమ్మోనియా చుక్కలు పోస్తే ఆల్కలాయిడ్ ఉప్పు రూపం వదిలి మళ్లీ బయటపడుతుంది. దాన్ని ఈథర్‌లోకి గానీ క్లోరోఫాంలోకి గానీ లాగి, ఆర్చి, కరిగించి, చల్లార్చి, మళ్లీ కరిగించి, స్ఫటికం మెరిసేదాకా తిప్పలు పడాలి. స్థూలంగా దారి ఇది. బస్తాడు వేరు పోస్తే చారెడు దొరకడం కూడా కష్టం. ఇందులో వాడే మాటలు కాస్త వినండి. ఆల్కహాల్, ఆల్కలీ, ఆల్కలాయిడ్. ‘అల్’ అని మొదలయ్యేవన్నీ అరబ్బీ చూలే. సారాయి హరాం అన్న ఇళ్లనుంచి వచ్చినవాళ్లే ఆ సారాయితో మందు దించారు. మందు దగ్గర మావాళ్లకు అంత వివేకం ఉంది.

అదే 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు రక్తపోటును దించుతుందని రాశారు. 1949లో బొంబాయి పార్సీ డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రోగుల వివరాలు ఇంగ్లండు పత్రికలో అచ్చువేశాక ప్రపంచం తల తిప్పి చూసింది. 1952లో స్విట్జర్లాండు సీబా కంపెనీవాళ్లు ఇదే వేరులోంచి రిసర్పిన్ తీశారు. బీపీ మందుగా, మనసు జబ్బుల మందుగా అది లోకమంతా తిరిగింది. అజ్మలీన్‌కు ఇంకో దారి పడింది. గుండె లయ తప్పినప్పుడు వాడారు. బ్రుగాడా అనే గుండెజబ్బును 1992లో గుర్తించాక, ఆ జబ్బు దాగి ఉందేమో తేల్చడానికి యూరప్ ఆసుపత్రుల్లో నరంలోకి ఎక్కించేది ఈ అజ్మలీన్‌నే. ఒక హకీం పేరు అక్కడి గుండె డాక్టర్ల నోట్లో నలుగుతోంది. ఇక్కడ మా బడిపిల్లల పాఠాల్లో ఆ పేరు మాకు తగల్లేదు.

సిద్దీఖీ 1942లో వేపనూనెలోంచి నింబిన్ మొదలైన చేదు పదార్థాలు విడదీశాడు. ఆ పని ఈ దేశపు శాస్త్ర పరిశోధన మండలి నీడలోనే జరిగింది. 1951లో పాకిస్తాన్ ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ పిలిస్తే వెళ్లాడు. 1994లో కరాచీలో చనిపోయాడు. ఇక్కడే మీ నుదురు ముడిపడుతుందని మాకు తెలుసు. ఆయన వెళ్లాడు. మేం వెళ్లలేదు. మా తాతలకు పిలుపూ రాలేదు, పోవాలన్న ఆలోచనా రాలేదు. డేగ్ ఇక్కడుంది, పొలంగట్టున సోంపు ఇక్కడుంది, కబరస్తాన్ ఇక్కడుంది. అయినా వెళ్లినాయనకు జవాబు మమ్మల్ని చెప్పమంటారు. ఆయన ఇక్కడుండి చేసిన పనికి మాత్రం మమ్మల్ని ఎవరూ అభినందించలేదు. 1994లో యూరప్ పేటెంటు ఆఫీసు వేపనూనెతో చేసే శిలీంధ్రనాశని మీద ఒక అమెరికా కంపెనీకి, అమెరికా వ్యవసాయశాఖకు కలిపి పేటెంటు ఇస్తే దేశమంతా గోల పెట్టింది. మేమూ పెట్టాం. 2000లో ఆ పేటెంటు రద్దయింది, 2005లో అప్పీలూ పోయింది. ‘వేప మనది’ అన్న ఆ సభల్లో, చేదును మొదట సీసాలోకి దింపిన మనిషి పేరు మేం వినలేదు.

ఇంకో సంగతి. ఇట్లాంటి పేటెంట్లను ఆపడానికి 2001లో ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పని మొదలుపెట్టింది. ఆయుర్వేద గ్రంథాలతో పాటు అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ యునానీ కితాబుల్లోని నుస్ఖాలన్నీ అందులోకి ఎక్కించారు. 2009 నుంచి యూరప్ పేటెంటు ఆఫీసువాళ్లు అవి తెరిచి చూస్తున్నారు. అంటే ఫలానా మందు ఈ దేశానిదే అని పరాయి కోర్టులో సాక్ష్యం చెప్పేది ఉర్దూ పేజీ. ఆ పేజీ చదవగలిగిన మనిషి మాత్రం ఇంటి దగ్గర తాను ఈ దేశం వాడినని కాగితాలు వెతుక్కోవాలి. సారం లెక్కలోకి వచ్చింది. పిప్పి బయట పడింది.

మీతోనే కాదు, మావాళ్లతోనూ మాకు పేచీ ఉంది. నుస్ఖా రాసిన చెయ్యి ఒకటి, దంచిన చెయ్యి ఇంకొకటి. హకీములు చాలావరకు సయ్యదులు, పఠాన్లు, పెద్ద ఖాన్‌దాన్‌లు. మేం అత్తరోళ్లం. వాళ్ల దీవాన్‌ఖానాలో మా పొట్లం లోపలికి వెళ్లేది, మేం వసారాలో నిలబడేవాళ్లం. సంబంధాల దగ్గర ఇప్పటికీ నిలబడే ఉన్నాం. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లింల జాబితా వేసినప్పుడు అందులో ‘అత్తరు సాయిబులు’ అని మా పేరు ఉంది. ‘ఇస్లాంలో కులాలు లేవు’ అని అప్పుడు మాకు గుర్తుచేసినవాళ్లు వసారాలో ఎన్నడూ నిలబడని వాళ్లే. ఇక దంచిన చేతుల్లో సగం ఆడవాళ్లవి. రోకటిపోటు, గుడ్డ వడపోత, మంట కాయడం మా నానీలు, ఫుప్ఫులు చేసినవే. మాడు కంపు అందరికంటే ముందు పట్టేది వాళ్ల ముక్కే. వాళ్లను ఉస్తాద్ అని ఎవరూ అనలేదు. మేమూ అనలేదు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. ఢిల్లీ మర్కజ్ పేరు టీవీల్లో మోగింది. మేం తరాలుగా తిరిగిన ఒక ఊళ్లో పొలిమేర దగ్గర కర్ర అడ్డం పెట్టి, ‘ఏమనుకోకండి సాయిబూ, కొన్నాళ్లు రావొద్దు’ అన్నారు. ఆ మాట అన్నది తిప్పసత్తు మా దగ్గరే కొనే పెద్దమనిషి. తిట్టలేదు, మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే ఎక్కువ బాధ. ఆ వారాల్లోనే తిప్పతీగ ధర పెరిగింది. అందరికీ తిప్పసత్తు కావాల్సి వచ్చింది, తెచ్చేవాడు వద్దు. ఏప్రిల్ ఆఖరున, అదే మర్కజ్ నుంచి వెళ్లి జబ్బుపడి కోలుకున్నవాళ్లు ఆసుపత్రుల్లో వరుసకట్టి ప్లాస్మా ఇచ్చారు. రోజా ఉన్నవాళ్లూ ఇచ్చారు. రక్తం తీసి, గిర్రున తిప్పి, ఎర్రదాన్ని పక్కకు నెట్టి పసుపుపచ్చ నీళ్లు పట్టుకోవడం. అదీ ఒక రకం అర్ఖే. ఆ వైద్యం అంతగా పనిచేయదని తర్వాతి పరీక్షల్లో తేలింది, అది వేరే మాట. అప్పుడు మాత్రం అది కావాలి అన్నారు, వీళ్లు ఇచ్చారు.

మా డేగ్‌లు ఇప్పుడు చాలా ఇళ్లల్లో లేవు. రాగి ధర మంచిగా పలికినప్పుడు అమ్మేశాం. అత్తరు సీసాల్లో ఎక్కువ భాగం రసాయనాల వాసనే, అదీ బయటినుంచి తెచ్చేదే. కానీ పిల్లలు బీఫార్మసీ, ఎమ్మెస్సీ చదువుతున్నారు. మా చిన్నమ్మాయి ఒకతి ఎమ్‌ఫార్మసీ ప్రాజెక్టుకు బావంచాలు తీసుకుంది. ఏం తీసుకోవాలని ఇంట్లో అడిగితే, బొల్లి మచ్చలకు మేం ఎప్పటినుంచో పొట్లం కట్టే గింజ అదేనని చెప్పాం. హైదరాబాద్ ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థకు బొల్లి వైద్యం కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ బెంచీల మీద బొట్టూ బురఖా పక్కపక్కన కూచుంటాయి. బావంచాల్లోని సొరాలెన్ అనే పదార్థాన్ని 1933లో మంజునాథ్, జోయిస్ వాళ్లు విడదీశారు. ఒంట్లో అది ఉండగా ఎండ తగిలితే చర్మానికి రంగు తిరిగొస్తుంది, మోతాదు తప్పితే బొబ్బలెక్కుతుంది. మందు పూసి పొద్దుటెండలో కాసేపు కూచోమని మా నానీ చెప్పేది, కాసేపే అని గట్టిగా చెప్పేది.

అమ్మాయి పని సాక్స్‌లెట్ అనే గాజు పరికరంతో. సారాయి కింద మరుగుతుంది, ఆవిరై పైకి లేస్తుంది, చల్లబడి గింజల పొడి మీద చుక్కచుక్కగా పడుతుంది, నిండగానే ఒక్కసారిగా కిందికి దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఫోటో చూపిస్తే నానీ కళ్లజోడు సర్దుకుని చూసి, ‘డేగే కదా, గాజుది. నీళ్ల తొట్టి ఏదీ?’ అంది. పక్కన గొట్టంలో చన్నీళ్లు పారుతుంటాయని అమ్మాయి చెప్పింది. ‘వేడెక్కితే ఎవరు మారుస్తారు?’ అంది. ఎవరూ మార్చక్కర్లేదు నానీ, అదే మారుతుంది అంటే నమ్మలేదు.

తీసిన సారాన్ని సిలికా పొడి నింపిన పొడుగు గొట్టంలో పోసి, రంగులు ఒకదాని తర్వాత ఒకటి దిగేదాకా నాలుగు రోజులు పట్టింది. ఆఖరున అతినీలలోహిత దీపం కింద పెడితే ఒక సీసా ఒక్కటే నీలంగా వెలిగిందట. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి చెప్పింది. లేబిల్ మీద ఏం రాయాలో సార్ చెప్పారు. గింజ ఎక్కడిదన్న గడిలో ఏం రాయాలని అడిగింది. మా దుకాణం పేరు, వీధి పేరు చెప్పాం. రాసుకుంది.